జూలై ఫ్యామిలీ డే – బార్ టీం: ఈసారి రియల్ ఏల్ పెడదామా? ఏవి తెప్పిద్దాం?

అందరికీ నమస్తే. బార్ పని నేను చూసుకుంటానని మీటింగ్‌లో చెప్పాను కదా, ఆ మాటలన్నీ ఇక్కడే మాట్లాడుకుందాం, వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికల్లా పుట్టినరోజు విషెస్ కింద కొట్టుకుపోతాయి.

ప్రతిసారీ సూపర్‌మార్కెట్ నుంచి లాగర్ క్యాన్లు పెట్టెలకి పెట్టెలు తెచ్చి ఐస్ టబ్‌లో పడేస్తున్నాం. ఈసారి అవి బాగా తగ్గించి, మన చుట్టుపక్కల బ్రూవరీల నుంచి మూడే మూడు కాస్కులు, అంటే పీపాలు, తెప్పిద్దాం అంటాను. మనం ఉంటున్నది ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పక్కనున్న బ్లాక్ కంట్రీలో, ఎక్కడెక్కడి నుంచో జనం రైలెక్కి వచ్చి మరీ తాగి వెళ్ళే ఏల్స్ (ఒక రకం బీర్లు) మన ఇళ్ళకి కూతవేటు దూరంలో తయారవుతుంటే మనలో చాలామందికి వాటి పేర్లు కూడా తెలీవు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మామూలు కెగ్ బీర్‌ని బ్రూవరీలోనే ఫిల్టర్ చేసి, గ్యాస్ ఎక్కించి పంపిస్తారు. రియల్ ఏల్‌లో ఈస్ట్ బతికే ఉంటుంది, కాస్క్‌లోకి ఎక్కాక కూడా అది నెమ్మదిగా పులుస్తూనే ఉంటుంది, అందులో ఉండే కొద్దిపాటి గ్యాస్ దానంతటది పుట్టిందే. 1970ల్లో పెద్ద కంపెనీలు దీన్ని మూలన పడేస్తుంటే కొంతమంది తాగేవాళ్ళే పట్టుబట్టి 1971లో కామ్రా అనే ఉద్యమం మొదలుపెట్టారు, ఇవాళ ఏ పబ్‌లో అయినా హ్యాండ్ పంప్ కనిపిస్తోందంటే అందులో వాళ్ళ పుణ్యం చాలా ఉంది. ఇది చల్లగా జివ్వుమనే సరుకు కాదు, 11 నుంచి 13 డిగ్రీల మధ్య తాగాలి. ఫస్ట్ టైం తాగిన మనవాళ్ళు "ఇదేంటి, వేడిగా ఉంది, గ్యాస్ పోయింది" అంటారు. ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లగా ఇస్తే ఆ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వాసన, ఆ హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు) చేదు ఏవీ నాలుకకి తెలీవు, అందుకే అలా.

నా లిస్ట్‌లో మొదటిది హోల్డెన్స్ గోల్డెన్ గ్లో, 4.4%. డడ్లీ పక్కన వుడ్‌సెట్టన్‌లోనే చేస్తారు. బంగారం రంగు, పలచగా ఉంటుంది, చివర్లో కొంచెం తియ్యదనం. లాగర్ అలవాటున్నవాళ్ళకి ముందు ఇదే ఇవ్వాలి. రెండోది ఏదైనా ఒక మైల్డ్, అంటే చేదు తక్కువగా, మాల్ట్ రుచి ఎక్కువగా ఉండే ఏల్. మూడోది మీరు చెప్పండి, ఎవరెవరికి ఏది ఇష్టమో, ఎక్కడ తాగారో రాయండి.

---

లీడ్స్ నుంచి ఈమధ్యే ఇటు మారినవాడిని అన్నా. నా ఓటు టిమొతీ టేలర్ లాండ్‌లార్డ్‌కే. కీత్లీలో చేస్తరు, ఛాంపియన్ బీర్ ఆఫ్ బ్రిటన్ అవార్డు నాలుగుసార్లు కొట్టింది. నేను హైదరాబాద్ నుంచి వచ్చిన కొత్తల ఆఫీసోళ్ళు శుక్రవారం పబ్బుకి తీస్కపోతే ఏం అడగాల్నో తెల్వక ముందటోడు ఏం తీస్కుంటే అదే అన్న, అట్ల దొరికింది నాకు లాండ్‌లార్డ్. యార్క్‌షైర్ల పంప్ మూతికి స్పార్క్లర్ అని ఒక చిన్న జల్లెడ లెక్క పెడ్తరు, దాంతోని పైన క్రీమ్ లెక్క మందంగ నురగ వస్తది. ఆ నురగ లేకుంటే నాకు తాగినట్టే ఉండదు. జర సూడన్నా, ఒక కాస్క్ అదే పెడ్దాం.

---

తమ్ముడూ, లాండ్‌లార్డ్ నాకూ ప్రాణం, కాదనను. కానీ మన హాల్‌కి అది వద్దంటాను, కారణం చెప్తా విను. అది కాస్క్‌లో చాలా హుషారుగా ఉంటుంది, దానికి సెల్లార్‌లో టైం ఇవ్వాలి, కదలకుండా పడుకోబెట్టి గ్యాస్ తీరుబడిగా వదిలించాలి, అది తెలిసిన పబ్ ఓనర్ చేతిలో అమృతం, తొందరపడేవాళ్ళ చేతిలో మామూలు బీరు. మనకి పంపు కూడా ఉండదు, కాస్క్‌కి నేరుగా కుళాయి కొట్టి గ్లాసులోకి వంచుకోవడమే, కాబట్టి స్పార్క్లర్ నురగ రాదు. అందరం కలిసి కీత్లీ వైపు ఒక ట్రిప్ వేద్దాం, అక్కడ తాగుదాం దాన్ని.

---

ఫుడ్ టీం నుంచి. అన్నయ్యా, రెండు విషయాలు. ఒకటి, గోంగూర మటన్, మిర్చి బజ్జీ, చికెన్ పకోడీ, పులిహోర ఫిక్స్ అయిపోయాయి, వాటికి ఏది సరిపోతుందో నువ్వే చెప్పు. రెండోది ముఖ్యమైనది. ఈ ఏల్ తేటగా అవడానికి చేప నుంచి తీసింది ఏదో వేస్తారని మా ఆయన అంటున్నారు, నిజమేనా? మనలో ప్యూర్ వెజ్ వాళ్ళు ఉన్నారు, బీర్ తాగుతారు కానీ చేప ముట్టరు. తర్వాత తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు.

---

వదినా, చాలా మంచి ప్రశ్న, ఇది నేనే మొదట రాయాల్సింది. నిజమే. ఐసింగ్లాస్ అంటారు, చేప కడుపులో ఉండే గాలితిత్తి నుంచి తీస్తారు. కాస్క్‌లో వేస్తే ఈస్ట్‌ని పట్టుకుని అడుక్కి లాగేస్తుంది, పైన ఏల్ అద్దంలా తేరుకుంటుంది. అది కూడా మడ్డితో పాటు అడుగునే ఉండిపోతుంది కానీ, వెజ్ వాళ్ళకి ఆ మాట చెప్పి ఒప్పించాలని చూడకూడదు, వాళ్ళ నియమం వాళ్ళది. చట్టం ప్రకారం దీన్ని చేప అలర్జెన్ కింద లేబుల్ మీద రాయక్కర్లేదు, అందుకే చాలామందికి తెలీదు. కాబట్టి మూడో కాస్క్ ఏదైనా సరే ఫైనింగ్స్ (ఇలా ఏల్‌ని తేటపరచడానికి వేసేవి) వెయ్యనిదే తెప్పిద్దాం, ఇప్పుడు చాలా బ్రూవరీలు అలా చేస్తున్నాయి, కొంచెం మబ్బుగా ఉంటుంది అంతే, రుచికి లోటు లేదు. ఆర్డర్ చేసేటప్పుడు మూడింటి గురించీ బ్రూవరీ వాళ్ళనే అడిగి, ఒక్కో కాస్క్ ముందు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో బోర్డు పెడదాం, బార్లీ ఉందన్నది కూడా దాని మీదే రాద్దాం.

ఇక తిండి సంగతి. చేదు ఎక్కువ ఉన్న ఏల్‌తో కారం తింటే మంట ఇంకా రేగుతుంది. మిర్చి బజ్జీ పక్కన హాప్స్ దట్టించిన ఐపీఏ పెట్టి చూడు, నోరు భగ్గుమంటుంది. గోంగూర మటన్‌కి మైల్డే సరైన జోడీ, గోంగూర పులుపుకి ఆ వేయించిన మాల్ట్ తియ్యదనం భలే అతుక్కుంటుంది, కారం కూడా దిగుతుంది. పకోడీకి గోల్డెన్ గ్లో. పబ్బుల్లో పెట్టే పోర్క్ స్క్రాచింగ్స్ (కరకరలాడేలా వేయించిన పంది తోలు) బదులు మనం ఉప్పు కారం పల్లీలు, జంతికలు గిన్నెల్లో పెడితే చాలు.

---

ట్రెజరర్. నాకు మూడు అనుమానాలు. ఎంత వస్తుంది ఒక్కో దాంట్లో, మిగిలిపోతే ఏంటి, లైసెన్స్ సంగతేంటి? ఇంకోమాట, పిల్లలు, పెద్దవాళ్ళు ఉండే ప్రోగ్రాంలో అసలు మందు ఎందుకు అని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు, వాళ్ళకీ జవాబు చెప్పాలి.

---

సర్, ఒక్కొక్కటీ చెప్తాను.

మామూలు కాస్క్‌ని ఫర్కిన్ అంటారు, 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు (పైంట్ అంటే అర లీటరు కన్నా కొంచెం ఎక్కువ), అడుగు మడ్డి పోను ఇంకొంచెం తక్కువ. అందులో సగం సైజుది పిన్, 36 పైంట్లు. గోల్డెన్ గ్లో ఒక ఫర్కిన్, మిగతా రెండూ పిన్లు తీసుకుందాం. ఒకసారి కుళాయి కొట్టాక లోపలికి గాలి పోతుంది, మూడు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే పులిసిపోయి వెనిగర్ దారి పడుతుంది. అందుకే తక్కువే తెప్పిద్దాం, అయిపోతే అయిపోయిందని చెప్దాం. మిగిలినదాన్ని ఇంటికి పట్టుకెళ్ళి వారం తాగుదామంటే కుదరదు.

లైసెన్స్‌కి కౌన్సిల్‌కి టెంపరరీ ఈవెంట్ నోటీస్ ఇవ్వాలి, ఫీజు 21 పౌండ్లు, వాలంటీర్లతో కలిపి 499 మంది దాటకూడదు. మధ్యలో కనీసం 10 పని దినాలు ఉండాలి, నోటీస్ ఇచ్చిన రోజు, ఈవెంట్ రోజు లెక్కలోకి రావు. డ్రింక్ టికెట్‌లోనే కలిపేశాం, విడిగా అమ్మట్లేదు అన్నా కూడా అది అమ్మినట్టే లెక్క, కాబట్టి నోటీస్ తప్పదు. హాల్‌కే ముందునుంచి లైసెన్స్ ఉందేమో మీరు ఒకసారి కనుక్కోండి, ఉంటే ఈ పని తప్పుతుంది.

పెద్దల అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను. ఉగాదికి, దసరాకి, కార్తీక వనభోజనాలకి మందు మాట ఎత్తలేదు, ఎత్తను కూడా. ఇది వేసవిలో చేసుకునే బార్బెక్యూ, బార్ కూడా పక్క గదిలోనే, పిల్లలు ఆడుకునే చోటికి కనపడదు. పాతికేళ్ళ లోపు కనిపించిన ప్రతివాళ్ళనీ ఐడీ అడుగుతాం. ఏల్ పైంట్లలో పొయ్యం, మూడో వంతు గ్లాసుల్లోనే, గీత స్టాంప్ ఉన్న గ్లాసులు బ్రూవరీ దగ్గరే అద్దెకి అడుగుదాం. 4% ఏల్ మొత్తం పైంట్ అంటే 2.3 ఆల్కహాల్ యూనిట్లు, మూడో వంతు ఒక యూనిట్ కూడా కాదు. కారు తీసేవాళ్ళకి మాత్రం ఆ లెక్కలేవీ చెప్పొద్దు, చల్ల మజ్జిగ, నన్నారి షర్బత్ అదే బార్ మీద, అదే సైజు బోర్డుతో పెడదాం.

---

స్మెథిక్‌లో ఉంటాను నేను, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది. "మనకెందుకు ఈ ఇంగ్లీషోళ్ళ బీరు" అని కొందరు అంటుంటారు, దానికి ఒక మాట చెప్పాలి. 1960ల్లో ఇక్కడి పబ్బుల్లో మన రంగు చూసి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, రానిచ్చినా వేరే గదిలో కూర్చోమనేవాళ్ళు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్ళు దాని మీద కొట్లాడారు, 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చింది ఈ వివక్షని చూడటానికే. తర్వాత పంజాబీలు ఆ పబ్బుల్నే కొనుక్కుని దేశీ పబ్బులు చేశారు, ఇవాళ అక్కడ మిక్స్‌డ్ గ్రిల్ పక్కన లోకల్ ఏల్ పెట్టుకుని తెల్లవాళ్ళూ మనవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఆ తలుపులు ఊరికే తెరుచుకోలేదు. కాబట్టి ఇది మన బీరు కూడా బాబూ, ధైర్యంగా పెట్టండి. మైల్డ్ విషయానికొస్తే సెడ్జ్లీలో బీకన్ హోటల్‌కి వెళ్ళి సారా హ్యూస్ డార్క్ రూబీ తాగి అప్పుడు మాట్లాడండి. వెనకాల ఆ సారా హ్యూస్ అనే ఆవిడ నడిపిన పాత టవర్ బ్రూవరీ ఉంటుంది, మూతబడితే 1987లో ఆవిడ మనవడు మళ్ళీ మొదలెట్టాడు. ముదురు ఎరుపు, నల్లద్రాక్ష ఎండబెట్టిన వాసన.

---

అంకుల్, ఈ ముక్క మీరు ఆ రోజు మైక్‌లో చెప్పాలి, తప్పించుకోవద్దు. డార్క్ రూబీ నాకూ ఇష్టమే కానీ అది 6%, తియ్యగా ఉండి ఎంత తాగామో తెలీదు, ఎండలో ఫ్యామిలీ డేకి ఎక్కువే. మైల్డ్ కూడా హోల్డెన్స్‌దే తీసుకుందాం, 3.7%, ఒకే వ్యాన్‌లో వచ్చేస్తుంది. బ్రైర్లీ హిల్ వెళ్ళినప్పుడు బాథమ్స్ బిట్టర్ మాత్రం వదలకండి, అది వాళ్ళ సొంత పబ్బులు దాటి పెద్దగా బయటికి రాదు.

---

ఎన్విల్ ఏల్ ఎవరూ అనలేదేంటి? తేనె వేసి చేస్తారు, బీర్ అంటే మొహం తిప్పుకునే మా ఆవిడ కూడా సగం గ్లాసు తాగింది.

---

మంచి మాట గుర్తుచేశారు, ఫైనింగ్స్ లేకుండా ఇస్తారేమో అడుగుతాను, ఇస్తే మూడో పిన్ అదే. లేకపోతే ఫైనింగ్స్ వెయ్యని పేల్ ఏల్ ఏది దొరికితే అది.

ఇప్పుడు అసలు తిప్పలు ఎక్కడంటే, హాల్ బుకింగ్ శనివారం ఒక్కరోజే. కాస్కులు గురువారం సాయంత్రానికి వచ్చి, పక్కకి పడుకోబెట్టి, కింద చెక్క ముక్కలతో కదలకుండా బిగించాలి. పైన ఉన్న బిరడాలోకి మెత్తటి చెక్క మేకు కొడితే అందులోంచి నురగ బుసబుసా పొంగుతుంది, అది తుడుస్తూ ఉండాలి, పొంగు ఆగాక గట్టి మేకు మార్చాలి. ముందువైపు బిరడాలోకి కుళాయి ఒకే దెబ్బలో దిగాలి, భయపడి మెల్లగా కొట్టారంటే మొహం మీదికి చిమ్ముతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, పిల్లలు ఎక్కి కూర్చోకూడదు, కదిలితే మడ్డి లేచి మొత్తం పాడు. పోసేటప్పుడు మాత్రం మేకు వదులు చెయ్యాలి, లేకపోతే ధార ఆగిపోతుంది. జూలై ఎండకి కాస్కుల మీద తడి తువ్వాళ్ళు కప్పి, పైన ఐస్ సంచులు పెట్టి, ఫ్యాన్ తిప్పుదాం, వేసవిలో మన ఇళ్ళలో కుండకి తడిగుడ్డ చుట్టినట్టే.

హాల్ వాళ్ళు గురువారం నుంచి స్టోర్ రూం ఇస్తామంటే పైన చెప్పినట్టే చేద్దాం. ఇవ్వకపోతే బ్రూవరీలోనే మడ్డి తీసేసి పాలీపిన్‌లో (అట్టపెట్టెలో ప్లాస్టిక్ సంచి) నింపిచ్చే బ్రైట్ బీర్ అడుగుదాం, శనివారం పొద్దున తెచ్చి సాయంత్రానికి అయిపోగొట్టాలి, రుచిలో ఆ జీవం కొంచెం తగ్గుతుంది కానీ రిస్క్ ఉండదు.

---

జర లేటయింది అన్నా. స్టోర్ రూం గురించి కేర్‌టేకర్‌ని అడిగిన, గురువారం ఆరింటి నుంచి తాళాలిస్తా అన్నడు, బీరని చెప్పంగనే ఏం బీరు అని అడిగిండు, గోల్డెన్ గ్లో అన్న, నాకొక గ్లాసు పక్కకు పెట్టుండ్రి అన్నడు. సుత్తి, చెక్క ముక్కలు నా దగ్గర ఉన్నయి, తువ్వాళ్ళు ఎవరన్న తేండ్రి.

---

తువ్వాళ్ళు నేను తెస్తాను. థర్మామీటర్ కూడా ఉంది, పెరుగు తోడేసేది.

---

సూపర్. అయితే రేపు బ్రూవరీకి ఫోన్ చేసి రేట్లు, ఖాళీ కాస్కుల డిపాజిట్ కనుక్కుని ట్రెజరర్ గారికి పంపిస్తాను. గురువారం ఆరింటికి నాతో పాటు కాస్కులు దింపడానికి నడుం బాగున్నవాళ్ళు ఇద్దరు కావాలి, నిండు ఫర్కిన్ యాభై కిలోల దాకా ఉంటుంది. రాగలిగినవాళ్ళు కింద పేరు పెట్టండి.