సూపర్‌చార్జర్ బిగించాక ఎండవేళ ఇంజన్ నాకింగ్: ముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (డాలస్ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 1991 నాటి మాజ్డా మియాటా కారు ఉంది. ఇంజన్ 1.6 లీటర్లది. రెండు వారాల క్రితం, ఇదివరకు మరొకరు వాడిన ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) కిట్టును కొని నేనే బిగించుకున్నాను. గేజిలో గరిష్ఠంగా 6 పీఎస్‌ఐ బూస్ట్ (వాతావరణ పీడనానికి మించిన ఒత్తిడి) కనిపిస్తోంది, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. పొద్దున పూట బండి హాయిగా నడుస్తోంది. మధ్యాహ్నం ఎండ 38 డిగ్రీలకు చేరిన రోజుల్లో మాత్రం, మూడో గేరులో 3,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు చప్పుడు వస్తోంది. 93 ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలత) పెట్రోలే పోయిస్తున్నాను. ఆక్టేన్ బూస్టర్ సీసాలు, ఇంటర్‌కూలర్, నీళ్లూ మిథనాలూ కలిపి చిమ్మే కిట్టు, ఈ మూడింటిలో ముందుగా దేనికి డబ్బు పెట్టమంటారు?

జవాబు

ప్రస్తుతానికి మూడింటిలో దేనికీ పెట్టకండి. ముందు ఆ చప్పుడు రాకుండా నడపండి. కారణం తేలేదాకా బూస్ట్ గేజి ముల్లు సున్నా దాటకుండా, సగం యాక్సిలరేటర్‌తోనే సరిపెట్టుకోండి. మీ బండికి కంపెనీ నుంచి నాక్ సెన్సర్ లేదు కాబట్టి, లోపల ఏం జరుగుతున్నా కంప్యూటరుకు తెలియదు, అది టైమింగ్‌ను (స్పార్క్ పడే వేళను) వెనక్కి తగ్గించదు. కాపలా కాయవలసింది మీ చెవులే.

స్పార్క్ పడ్డాక మంట ప్లగ్ దగ్గర మొదలై సిలిండరు అంచుల వైపు వ్యాపిస్తుంది. మంట ఇంకా చేరని చివరి మిశ్రమం ఈలోగా వెనకనుంచి వచ్చే ఒత్తిడికి నలిగి, వేడెక్కి, ఓర్చుకోగలిగిన హద్దు దాటితే, మంట కోసం ఆగకుండా ఒక్కసారిగా తనంతట తానే అంటుకుంటుంది. అప్పుడు పుట్టే పీడన తరంగాలు గోడలకు కొట్టుకోవడమే మీరు వింటున్న చప్పుడు, దీన్నే నాకింగ్ అంటారు. మీ ఇంజన్ బోరు 78 మిల్లీమీటర్లు కనుక ఆ మోత సుమారు 7.3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ తరంగాలు పిస్టన్ తలమీద ఉండే పల్చని చల్లటి వాయుపొరను చెదరగొట్టడం వల్ల వేడి నేరుగా అల్యూమినియంలోకి దిగుతుంది. రింగుల మధ్య గట్లు విరిగేది సాధారణంగా ఈ దారిలోనే. మూడో గేరులో 3,000 దగ్గర రావడం కూడా వింత కాదు, ఎందుకంటే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చివరి మిశ్రమానికి వేడెక్కడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. 6,000 దగ్గర వినబడకపోతే అక్కడ లేదని మాత్రం అనుకోకండి, అక్కడ మిగతా హోరులో అది కలిసిపోతుంది.

పొద్దునకూ మధ్యాహ్నానికీ తేడా ఎందుకో కాగితం మీద లెక్క వేసి చూడవచ్చు. 6 పీఎస్‌ఐ అంటే వాతావరణ పీడనానికి 1.41 రెట్లు. ఈ రకం సూపర్‌చార్జర్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే, 25 డిగ్రీల గాలి బయటికి వచ్చేసరికి దాదాపు 76 డిగ్రీలవుతుంది, 38 డిగ్రీల గాలి 91 దాటుతుంది. బానెట్ కింది వేడిగాలిని ఫిల్టరు పీలుస్తున్నట్లయితే ఇంకా ఎక్కువ. అసలు ఇంజన్ కంప్రెషన్ 9.4కు 1. అంటే ఈ వేడిగాలిని అది మళ్లీ తొమ్మిది రెట్లకు పైగా నొక్కుతోందన్న మాట.

ఇక చూడవలసినవి. మొట్టమొదటిది బేస్ టైమింగ్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడేలా అమర్చి ఉందన్నది. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ మోడల్ యజమానుల్లో చాలామంది సూపర్‌చార్జర్ లేని రోజుల్లో కాస్త చురుకుదనం కోసం కంపెనీ పెట్టిన 10 డిగ్రీలను 14 దాకా ముందుకు జరుపుకునేవారు. మీ బండి పాత యజమాని కూడా ఆ పని చేసి ఉంటే, ఆ అలవాటు ఇప్పుడు మీ పిస్టన్ల మీద పడుతోంది. ఇంజన్ బాగా వేడెక్కాక, బానెట్ కింది డయాగ్నొస్టిక్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ అని రాసి ఉన్న రెండింటినీ చిన్న తీగతో కలిపి, ఒకటో సిలిండరు తీగకు టైమింగ్ లైటు తగిలించి చూడండి. ఆ తీగ కలపకుండా చూస్తే కంప్యూటరు ఐడిల్‌లో టైమింగును తనే అటూ ఇటూ జరుపుతుంది కనుక మీరు చదివే అంకె తప్పు అవుతుంది. గుర్తు 10 మీద లేకపోతే హెడ్ వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ బోల్టు వదులు చేసి, వెంట్రుకవాసి చొప్పున తిప్పి సరిచేయండి.

రెండవది పెట్రోలు పరిమాణం. గాలి ఎక్కువ వచ్చినప్పుడు పెట్రోలు కూడా ఆ మేరకు రావాలి కదా. పాత కిట్లలో బూస్ట్‌తోపాటు పెట్రోలు పీడనాన్ని పెంచే రెగ్యులేటర్ ఉంటుంది. అయితే పీడనం రెట్టింపు చేసినా ఇంజెక్టర్ నుంచి వచ్చేది 41 శాతమే ఎక్కువ, అదీ పంపుకు ఓపిక ఉంటేనే. ముప్పై ఏళ్ల పంపు మీద నాకైతే నమ్మకం లేదు. అందుచేత మీ మొదటి ఖర్చు, గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో కలుస్తున్నాయో చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ కావాలి. పూర్తి బూస్ట్‌లో గాలికీ పెట్రోలుకూ నిష్పత్తి 11.5 నుంచి 12 మధ్య ఉండాలి. 13 కనిపిస్తే పెట్రోలు చాలడం లేదన్న మాట, వెంటనే కాలు తీసేయండి.

ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి, అంటే వేడిని త్వరగా వదిలేవి వేయండి: ఎన్‌జీకేలో ఆరో నంబరుకు బదులు ఏడు. గ్యాప్ 0.8 మిల్లీమీటర్లకు తగ్గించండి. పాతవాటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు గానీ, అల్యూమినియం మెరుపులు గానీ ఉన్నాయేమో భూతద్దంతో చూడండి, అవి నాకింగ్ గుర్తులు. ఇన్‌టేక్ పైపులో నూనె తడి ఉంటే దాని సంగతీ చూడాలి, ఎందుకంటే ఇంజనాయిల్ ఆవిరి పెట్రోలు ఆక్టేన్‌ను దిగలాగుతుంది.

బూస్టర్ సీసాల గురించి ఒక్క మాట. సీసా మీద ఐదు పాయింట్లు పెంచుతుందని రాస్తే, అది చాలాసార్లు అర ఆక్టేన్ మాత్రమే. పాయింటు అంటే పదో వంతు అని వాళ్ల లెక్క.

హైదరాబాదు నుంచి ఒక సభ్యుని సందేహం

అయ్యా, ఇక్కడ మామూలు బంకుల్లోనే 95 ఆక్టేన్, కొన్నిచోట్ల 100 కూడా దొరుకుతోంది. అమెరికాలో 93కే పరిమితం కావడం ఆశ్చర్యంగా ఉంది. మన పెట్రోలే మేలైనదా?

జవాబు

కొలిచే పద్ధతులు వేరండీ. మన దేశంలో బంకు మీద రాసేది రీసెర్చ్ ఆక్టేన్. అమెరికాలో రీసెర్చ్, మోటార్ అనే రెండు పరీక్షల ఆక్టేన్ల సగటు రాస్తారు. వారి 93 మన లెక్కలో దాదాపు 98 అవుతుంది, మన 91 వారి 87కు దగ్గర. అక్కడివారు రాసిన టైమింగ్ పట్టికను, 93 అని చూసి, ఇక్కడ 95 పోసిన ఇంజన్‌లో ఎక్కిస్తే చిక్కులో పడతారు.

మరొక సభ్యుని సూచన

చెవులనే నమ్ముకోవాలంటే వాటికి కొంత సాయం చేయండి. ఒక రాగి గొట్టం చివర నలగ్గొట్టి, రంధ్రం వేసి, బ్లాకు మీద ఏదైనా బోల్టు కింద బిగించి, రెండో చివరకు రబ్బరు గొట్టం తగిలించి, చప్పుడు వినపడకుండా పెట్టుకునే చెవి కప్పుల్లోకి తెచ్చుకోండి. వినేది పక్క సీటులోని మనిషి కావాలి. నడిపేవారు చెవులు మూసుకోకూడదు. మామూలుగా వినబడడానికి చాలా ముందే నాకింగ్ ఆ గొట్టంలో వినిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు, తొమ్మిది రోజుల తరువాత

మీ ఊహ నిజమైంది. బేస్ టైమింగ్ 15 దగ్గర ఉంది. 10కి తెచ్చాక చప్పుడు చాలావరకు పోయింది కానీ, మా తమ్ముడిని పక్కన కూర్చోబెట్టి రాగి గొట్టంతో వినిపిస్తే 3,800 దగ్గర అప్పుడప్పుడు చిటచిటమంటోందన్నాడు. వైడ్‌బ్యాండులో 11.8 చూపిస్తోంది. బూస్ట్ పెరిగేకొద్దీ టైమింగును వెనక్కి లాగే చిన్న పెట్టె తెచ్చి, పీఎస్‌ఐకి ఒక డిగ్రీ చొప్పున పెట్టాను. నిన్న 39 డిగ్రీల ఎండలో కూడా గొట్టంలో ఏమీ వినబడలేదు. ప్లగ్గుల మీద మచ్చలు లేవు. ఇక చిన్న పుల్లీ వేసి 8 పీఎస్‌ఐకి వెళ్లవచ్చునా?

జవాబు

ఇంటర్‌కూలర్ లేకుండా వద్దండీ. అదే లెక్క ప్రకారం 39 డిగ్రీల రోజున 6 పీఎస్‌ఐ దగ్గర 93 డిగ్రీలున్న గాలి, 8 దగ్గర 108 దాకా పోతుంది. ఇంజెక్టర్లకూ అక్కడ ఇక మిగులు ఉండదు. పుల్లీ కొనే ముందు సూపర్‌చార్జర్ తరువాత, ఇన్‌టేక్ మానిఫోల్డులో గాలి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఒకటి పెట్టుకుని, వారం రోజులు మధ్యాహ్నపు అంకెలు రాసుకోండి. నా లెక్కలో 60 శాతమన్నది అంచనా మాత్రమే. మీ అంకెలు ఇక్కడ పెడితే ఎంత పెద్ద ఇంటర్‌కూలర్ కావాలో అప్పుడు చూద్దాం.