లింటల్‌లో దిగని డ్రిల్లు, ప్లైవుడ్ కోయడానికి రంపం: ఇంటికి ఏవి కొనాలి?

మియాపూర్ ఫ్లాట్:
అందరికీ నమస్కారం. రెండు నెలల కింద సొంత ఫ్లాట్‌లోకి వచ్చాం. ఐదు కిటికీలకు కర్టెన్ రాడ్లు, హాల్లో టీవీ, బాత్రూమ్‌లో ఒక స్టాండు బిగించాలి. ఆ తర్వాత ప్లైవుడ్ తెచ్చి చెప్పుల స్టాండు, పిల్లల పుస్తకాలకు రెండు అరలు నేనే చేసుకోవాలని ఉంది. మనిషిని పిలిస్తే రేపు వస్తా, ఎల్లుండి వస్తా అంటూ మూడు వారాలు గడిచిపోయాయి.

పక్కింటివాళ్ల దగ్గర చిన్న డ్రిల్లింగ్ మిషన్ అడిగి తెచ్చి మొదలుపెట్టాను. కిటికీ పక్క గోడలో ఇట్టే దిగింది. కిటికీ పైన మాత్రం పావు అంగుళం పోయి ఆగిపోయింది. ఐదు నిమిషాలు బలమంతా పెట్టి నొక్కాను. బిట్టు కొన నీలంగా మారింది, కాలిన వాసన వచ్చింది, రంధ్రం మాత్రం పెరగలేదు. ఇంకా నొక్కితే వాళ్ల మిషన్ కాలిపోతుందేమోనని టెన్షన్ పట్టుకుని ఆపేశాను.

ఎన్ని వాట్స్‌ది కొనాలి? బ్యాటరీదా, వైరుదా? ప్లైవుడ్‌కు ఏ రంపం? షాపులో అడిగితే ఇనుము, రాయి అరగదీసే చేతి గ్రైండర్ ఒకటి తీసుకుని దానికే చెక్క కోసే బ్లేడు వేసుకోండి, అన్ని పనులూ అయిపోతాయి అన్నారు. బడ్జెట్ ఎనిమిది వేల దాకా అనుకుంటున్నాను.

తణుకు వడ్రంగి:
తమ్ముడూ, గ్రైండర్ మాత్రం కొనకు. ఎందుకో తీరిగ్గా రాస్తాను. ముందు ఒక్క సంగతి చెప్పు. పక్క గోడలో దిగినప్పుడు రాలిన పొడి ఏ రంగులో ఉంది? కిటికీ పైన రాలింది ఏ రంగు?

మియాపూర్ ఫ్లాట్:
పక్క గోడలో ముందు సిమెంటు రంగు, తర్వాత ఎర్రగా వచ్చిందన్నా. కిటికీ పైన మొత్తం బూడిద రంగే, చాలా సన్నగా, కాస్తే రాలింది.

తణుకు వడ్రంగి:
అయితే నీ ఇంటి సంగతి తెలిసిపోయింది. పక్కది ఎర్ర ఇటుక గోడ. కిటికీ పైన ఉన్నది లింటల్, అంటే కంకర, ఇనుప చువ్వలు వేసి పోసిన కాంక్రీటు. కర్టెన్ రాడ్డు కచ్చితంగా అక్కడే బిగించాలి, కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లలో చాలామంది మొదట ఇబ్బంది పడేది అక్కడే. నీ మిషన్‌లో లోపం లేదు, నీ చేతుల్లో బలం తక్కువా కాదు. ఆ పనికి ఆ మిషన్ కాదు, అంతే.

ఇక్కడ వాట్స్ లెక్క పక్కన పెట్టు. షాపులో "హామర్" అని అమ్మే మిషన్లు రెండు రకాలు. ఒకటి ఇంపాక్ట్ డ్రిల్. లోపల రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ ఎగిరిపడతాయి. నిమిషానికి 40,000 పైగా దెబ్బలు కొడుతుంది కానీ ఒక్కో దెబ్బ చాలా చిన్నది. బలం నువ్వు వెనక నుంచి నొక్కాల్సిందే. ఇటుకకు, చెక్కకు, ఇనుప రేకుకు ఇది చక్కగా సరిపోతుంది. కాంక్రీటులో కంకర రాయి అడ్డుపడితే మాత్రం దాన్ని పగలగొట్టలేదు, దాని మీదే రాసుకుని బిట్టు వేడెక్కి అరిగిపోతుంది. నీ బిట్టు నీలంగా మారింది అందుకే.

రెండోది రోటరీ హామర్. ఇందులో పిస్టన్ ఉంటుంది, అది గాలిని నొక్కి ఆ గాలితో బిట్టును వెనక నుంచి మోదుతుంది. చిన్న సైజు మిషన్ కూడా నిమిషానికి 4,000కు పైగా దెబ్బలు వేస్తుంది, ఒక్కో దెబ్బకు 2 జౌల్స్ (దెబ్బ శక్తికి కొలత) దాకా బలం ఉంటుంది. అంటే సుత్తీ శానంతో కొట్టినట్టే. నువ్వు మిషన్‌ను నిలకడగా పట్టుకుంటే చాలు, దిగడం దాని పని. దీనికి మామూలు బిట్లు పట్టవు, ఎస్‌డీఎస్ ప్లస్ అనే గాడి ఉన్న బిట్లు కొనాలి. పెట్టినప్పుడు బిట్టు కాస్త వదులుగా ముందుకూ వెనక్కూ ఆడుతుంది. పాడైందనుకుని కంగారు పడకు, దాని తీరే అంత.

నీకు నా సలహా ఇది. 13 మిల్లీమీటర్ల చక్ (బిట్టు బిగించే నోరు) ఉన్న, వేగం తగ్గించుకునే వీలున్న, హామర్ ఆపుకునే మీట ఉన్న వైరు ఇంపాక్ట్ డ్రిల్ ఒకటి కొనుక్కో. 500, 600 వాట్స్ చాలు. లింటల్ రంధ్రాలకు రోటరీ హామర్ ఒక్క రోజు అద్దెకు తెచ్చుకో. ఐదు కిటికీలకు పది పన్నెండు రంధ్రాలు, దాని కోసం కొనడం దండగ. ఒకవేళ నీది మైవాన్ పద్ధతిలో అల్యూమినియం షట్టరింగ్‌తో గోడలన్నీ కాంక్రీటు పోసిన ఫ్లాట్ అయితే మాట వేరు, హైదరాబాద్ ఎత్తు భవనాల్లో ఇప్పుడు చాలా వరకు అలాగే కడుతున్నారు. అలాంటి ఇంట్లో ఒక ఫొటో తగిలించాలన్నా రోటరీ హామరే కావాలి. వాళ్లు మొదటే అది కొనుక్కోవడం మేలు.

కొండాపూర్ నుంచి:
అన్నా, మా గోడలో పొడి తెల్లగా, మెత్తగా సుద్దలా వస్తోంది. చాలా తేలిగ్గా దిగుతుంది కానీ స్క్రూ నిలబడటం లేదు. రెండుసార్లు అర ఊడిపోయింది.

తణుకు వడ్రంగి:
అవి తేలిక బ్లాకులు, ఏఏసీ అంటారు. వాటికి హామర్ అస్సలు పెట్టకూడదు, రంధ్రం లోపల పొడైపోయి వెడల్పు అవుతుంది. హామర్ ఆపి, ప్లగ్గు (స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) కంటే ఒక సైజు చిన్న బిట్టుతో మామూలుగా తిప్పండి. ఆ బ్లాకుల కోసమే అమ్మే పొడవాటి ప్లగ్గులు అడగండి.

ఇక మియాపూర్ తమ్ముడూ, లింటల్‌లో కొట్టే పద్ధతి. గుర్తు పెట్టిన చోట ముందు హామర్ లేకుండా నెమ్మదిగా తిప్పి చిన్న గుంట చెయ్యి, బిట్టు జారదు. 8 మిల్లీమీటర్ల ప్లగ్గుకు రెండు అంగుళాల లోతు పెట్టుకుని, బిట్టుకు ఆ కొలతలో రంగు టేపు చుట్టుకో. పైన అర అంగుళం ప్లాస్టరింగే ఉంటుంది, దాంట్లో పట్టు ఉండదు, ప్లగ్గు అది దాటి లోపలికి పోవాలి. ప్రతి సెంటీమీటరుకు ఒకసారి బిట్టు బయటికి లాగి పొడి తియ్యి. ఉన్నట్టుండి ఖంగుమని మోగి ఇక దిగకపోతే చువ్వ తగిలినట్టు. దాన్ని కోయాలని చూడకు, ఒక అంగుళం పక్కకు జరుపుకో. రంధ్రం కింద ఒక కాగితం కవరు నోరు తెరిచి టేపుతో అంటిస్తే పొడంతా అందులో పడుతుంది, ఇంట్లోవాళ్లకు ఊడ్చే పని తప్పుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా, బాత్రూమ్‌లో కుళాయికి నిలువుగా ఎక్కడా రంధ్రం పెట్టకు. వైర్లూ పైపులూ ఎక్కువగా ఆ వరసలోనే పోతాయి.

హన్మకొండ టీచర్:
బాత్రూమ్ స్టాండు గురించి నేను చెబుతాను, మా ఇంట్లో టైల్స్ అన్నిటికీ నేనే కొట్టుకున్నాను. మొదటి టైలు పగిలింది, హామర్ ఆపడం మరిచిపోయాను. ఆ తర్వాత పన్నెండు రంధ్రాలు ఒక్క చీలిక లేకుండా వచ్చాయి. టైలు మీద కాగితం టేపు గుణకారం గుర్తులా అంటించి దాని మధ్యలో పెట్టాలి. బల్లెం మొనలా ఉండే టైల్ బిట్టు వేరే దొరుకుతుంది, దానితో బాగా నెమ్మదిగా తిప్పాలి. గట్టి విట్రిఫైడ్ టైలు అయితే డైమండ్ బిట్టు కావాలి, పక్కన ఒకరు స్పాంజితో కొంచెం కొంచెం నీళ్లు అద్దుతూ ఉండాలి. కరెంటు మిషన్ కాబట్టి నీళ్లు మిషన్ మీద పడకూడదు. టైలు దాటి లోపల గోడ తగిలాక బిట్టు మార్చి, అప్పుడు హామర్ పెట్టుకోవాలి. టైలు అంచుకు బాగా దగ్గరగా మాత్రం కొట్టకండి.

ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే చెబుతున్నాను, చున్నీ తీసి పక్కన పెట్టండి, జుట్టు ముడి వేసుకోండి, గాజులు తియ్యండి.

తణుకు వడ్రంగి:
టీచర్ గారు మంచి మాట చెప్పారు. మగవాళ్లకూ అంతే, మెడలో తువ్వాలు, లుంగీ వద్దు. చేతికి గ్లౌజులు కూడా వద్దు. తిరిగే బిట్టుకు గుడ్డ చిక్కితే వేలితో సహా లాగేసుకుంటుంది. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు మాత్రం తప్పనిసరి.

ఇప్పుడు గ్రైండర్ సంగతి. నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఒక వర్క్‌షాప్‌లో పని నేర్చుకునేవాణ్ణి. అక్కడ నాలుగంగుళాల గ్రైండర్‌కు బ్లేడుకు అడ్డుగా ఉండే గార్డు పీకేసి, పళ్లున్న చెక్క బ్లేడు వేసి వాడేవాళ్లం. అందరూ అలాగే చేస్తున్నారు, నేనూ చేశాను. ఒక రోజు పాత టేకు దర్వాజా కోస్తున్నాను, చేవ బాగా ముదిరిన కర్ర. లోపల విరిగిన మేకు ఉంది, పైకి కనపడలేదు. పన్ను దానికి తగలగానే మిషన్ నా చేతుల్లోంచి లేచి ఎడమ ముంజేతి మీద పడింది. పదకొండు కుట్లు. నరం తెగకుండా తప్పింది కాబట్టి ఈ రోజు ఉలి పట్టుకోగలుగుతున్నాను. ఆ చేతి చూపుడు వేలు ఇప్పటికీ చలికాలం పొద్దున పూట సరిగ్గా మడత పడదు.

గ్రైండర్ నిమిషానికి 11,000 సార్ల దాకా తిరుగుతుంది. అది ఇనుము, రాయి అరగదీయడానికి చేసిన మిషన్. చెక్క మీద ఆనడానికి దానికి అడుగు పలక లేదు, ఎంత లోతు దిగాలో ఆపే ఏర్పాటూ లేదు. పళ్ల బ్లేడు చెక్కను కరిచిపట్టిందంటే మిషన్ వెనక్కి తన్నడం తప్ప వేరే దారి లేదు. షాపులో ఎవరు చెప్పినా సరే, కొత్తగా పని నేర్చుకునేవాళ్లు దాని జోలికి పోవద్దు. చెయ్యెత్తి దండం పెట్టి చెబుతున్నాను.

నీకు కావాల్సింది జిగ్‌సా. కుట్టుమిషన్ సూదిలా సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది. తిన్నగానూ కోస్తుంది, వంపులూ కోస్తుంది. శబ్దం తక్కువ, అపార్ట్‌మెంట్‌లో అదీ చూసుకోవాలి. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ దాకా హాయిగా పని చేస్తుంది. మందపాటి కర్రలో మాత్రం బ్లేడు లోపల వంగి, పైన గీత మీదే ఉన్నా కింద పక్కకు పోతుంది.

బ్లేడు దగ్గర పిసినారితనం వద్దు. మిషన్‌తో వచ్చే ఒక్క బ్లేడుతో కోసి, మిషన్ బాగాలేదనుకునేవాళ్లు చాలామంది. శుభ్రమైన కోతకు టీ101బీ, గరుకైనా పరవాలేదు త్వరగా కావాలంటే టీ144డీ అడుగు. ఈ నంబర్లు చాలా కంపెనీల బ్లేడ్ల మీద అవే ఉంటాయి. సన్‌మైకా అంటించిన ప్లైవుడ్‌కు టీ101బీఆర్ తీసుకో, దాని పళ్లు కిందికి తిరిగి ఉంటాయి కాబట్టి పైన సన్‌మైకా పెచ్చులూడదు. చెక్క తిన్నగా రావాలంటే అల్యూమినియం పట్టీనో, తిన్నటి రీపరునో గీత పక్కన రెండు క్లాంపులతో బిగించి, దానికి ఆనించి మిషన్ నడిపించు. నొక్కి తొయ్యకు, దాని దారిన దాన్ని పోనివ్వు.

గుండ్రటి బ్లేడు తిరిగే ఏడంగుళాల సర్క్యులర్ సా నీకు ఇప్పుడు అక్కర్లేదు. నెలకు నాలుగు షీట్లు కోసేవాళ్లకు అది. 8×4 ప్లైవుడ్ పెద్ద ముక్కలు కొన్నచోటే కోసిస్తారేమో అడుగు. కొలతలు రాసుకుని వెళ్తే సగం పని అక్కడే తీరిపోతుంది, లిఫ్టులోనూ పడుతుంది.

కొండాపూర్ నుంచి:
మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు వేసి కోసే కార్పెంటర్లను రోజూ చూస్తున్నాం కదా, అది పరవాలేదా?

తణుకు వడ్రంగి:
అది గ్రైండర్ కంటే నయమే. అడుగు పలక, గార్డు, లోతు సరిచేసుకునే మర ఉంటాయి. నేనూ వాడతాను. కానీ సర్క్యులర్ సాకు కింద స్ప్రింగు గార్డు ఉంటుంది, కోత అవగానే దానంతట అదే మూసుకుంటుంది. కట్టర్‌కు అది లేదు, కోత అయ్యాక బ్లేడు బయటే తిరుగుతూ ఉంటుంది. పైగా చాలావాటిలో స్విచ్చి లాక్ పడిపోతుంది, చెయ్యి తీసినా ఆగదు. ఇరవై ఏళ్ల అలవాటు ఉన్నవాళ్లను చూసి మొదటి రోజే మనం అది పట్టుకోకూడదు.

రాజమండ్రి:
మా బావ డాలస్ నుంచి వస్తూ 20 వోల్టుల బ్యాటరీ డ్రిల్ తెస్తానంటున్నాడు. ఇక్కడ దొరికే 18 వోల్టుల కంటే అది బలమైనదా?

డాలస్ నుంచి:
రెండూ ఒకటేనండి. లోపల ఐదు సెల్స్ వరసగా ఉంటాయి. నిండా ఛార్జి చేసినప్పుడు ఒక్కోటి సుమారు 4 వోల్టులు, ఐదింటికి సుమారు 20. పని చేసేటప్పుడు సగటున 3.6, అంటే 18. ఇక్కడ పెట్టె మీద పెద్ద అంకె వేస్తారు, అంతే తేడా. తెచ్చే ముందు ఛార్జర్ అడుగున ఉన్న అక్షరాలు చదవమనండి. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది, ఇండియాలో అదే కంపెనీ ఛార్జర్ కొనుక్కోవాలి. వైరుతో నడిచే అమెరికా మిషన్లు అసలు తేవద్దు. విమానంలో విడి బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, మిషన్ మాత్రం చెక్-ఇన్ పెట్టెలో. ఒక్కో బ్యాటరీ 100 వాట్-అవర్ దాటకుండా చూసుకోమనండి.

తణుకు వడ్రంగి:
బ్యాటరీ మిషన్ మంచిదే, కరెంటు లేని చోట పని చేసే నాలాంటివాళ్లకు చాలా ఉపయోగం. ఏడాదికి నాలుగుసార్లు తీసేవాళ్లకు మాత్రం నేను వైరుదే చెబుతాను. వాడకుండా నెలల తరబడి పడేస్తే బ్యాటరీ దెబ్బతింటుంది, దాని ధరకు ఇంకో వైరు డ్రిల్లు వచ్చినంత పని.

మియాపూర్ ఫ్లాట్:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. రాణిగంజ్ వెళ్లి వైరు ఇంపాక్ట్ డ్రిల్, జిగ్‌సా, మూడు రకాల బ్లేడ్లు, రెండు క్లాంపులు తెచ్చాను. రోటరీ హామర్ ఒక రోజు అద్దెకు తీసుకున్నాను. నేను ఐదు నిమిషాలు నొక్కినా దిగని చోటే అర నిమిషంలో రెండు అంగుళాలు దిగింది. ఒక చోట చువ్వ తగిలింది, మీరు చెప్పినట్టే అంగుళం జరిపాను. ఐదు కిటికీలకూ కర్టెన్లు పడ్డాయి. అన్నా, మీ మాట విని గ్రైండర్ కొనలేదు.

చెప్పుల స్టాండుకు మొదటి పలక కోశాను. తిన్నగానే వచ్చింది కానీ పైవైపు అంచు అంతా పీచులు లేచింది. కిందవైపు మాత్రం నున్నగా ఉంది. బ్లేడు టీ101బీనే.

తణుకు వడ్రంగి:
చాలా సంతోషం తమ్ముడూ. ఆ బ్లేడు పళ్లు పైకి తిరిగి ఉంటాయి, పైకి లాగేటప్పుడు కోస్తుంది, అందుకే పీచు పైకి లేస్తుంది. బయటికి కనపడే ముఖం కిందికి పెట్టి, వెనకవైపు గీత గీసి కొయ్యి. మిషన్ పక్కన 0 నుంచి 3 దాకా ఒక మీట ఉంటుంది, దాన్ని 0లో పెట్టుకో. కోత కొంచెం నెమ్మదిస్తుంది కానీ అంచు శుభ్రంగా వస్తుంది. గీత మీద కాగితం టేపు అంటించినా మేలే. ఇప్పుడు కోసిన పలకను లోపలి అరకు వాడేసుకో, పీచు ఉన్న అంచును గోడ వైపు తిప్పెయ్. ఎనిమిదో నంబరు స్క్రూ బిగించే ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో దారి చెయ్యడం మరిచిపోకు, లేకపోతే ప్లైవుడ్ అంచు పొరలుగా విచ్చుకుంటుంది.