మాన్‌స్టెరా కుండీ మార్చేది ఎండల్లోనా, తొలకరి పడ్డాకా?

మూడో అంతస్తు:
కూకట్‌పల్లిలో ఫ్లాట్, తూర్పు బాల్కనీ. చీలికలున్న పెద్దాకుల తీగమొక్క, ఆరేళ్ల మాన్‌స్టెరా 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీలో నా భుజం దాకా పెరిగింది. అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు వచ్చి పళ్లెంలో చుట్టలు చుట్టుకున్నాయి. నీళ్లు పోస్తే మట్టి తడవకముందే కిందికి కారిపోతున్నాయి. యూట్యూబ్‌లో అందరూ వసంతంలోనే మార్చాలంటున్నారు. ఇది ఏప్రిల్ చివరి వారం. అమ్మేమో తొలకరి పడేదాకా ముట్టుకోవద్దంటోంది. ఎవరి మాట వినాలి?

పెరటి మనిషి:
అమ్మ మాటే. ఆ వీడియోల వాళ్లకి వసంతమంటే మంచు కరిగే కాలం, మనకి వడగాలులు మొదలయ్యే కాలం. ఎంత జాగ్రత్తగా తీసినా సన్న వేళ్లు తెగుతాయి, నీళ్లు పీల్చేవి అవే. పైన చాటలంత ఆకులు మాత్రం తేమ వదులుతూనే ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక వేళ్లు తెగిన మొక్క సంగతి చెప్పాలా? మృగశిర వచ్చి నాలుగు వానలు పడనివ్వండి.

ఉక్కపోత:
నేను ఒప్పుకోను. దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా అడవుల్లో చెట్లు పట్టుకుని ఎక్కే తీగ ఇది. వేడికంటే పొడిగాలే దీనికి చేటు. విశాఖలో మా మొక్కకి మే నెలలోనే కుండీ మార్చాను, రెండు ముదురాకులు పండాయి, అంతే. వానాకాలంలో మబ్బు పట్టి వెలుతురుండదు, మట్టి వారమైనా ఆరదు. తెగిన వేళ్లు కుళ్లేది అప్పుడే.

పెరటి మనిషి:
మీ విశాఖ గాలిలో సముద్రం ఉందండీ. కూకట్‌పల్లి మే గాలిలో దుమ్ము తప్ప తేమ ఎక్కడిది? మీరన్న పొడిగాలి ఇక్కడిదే! పైగా ఏసీ గదిలో పెడితే ఇంకా పొడి. వేళ్లు కుళ్లాయంటే తప్పు వానది కాదు, బంకమట్టిది, మరీ పెద్ద కుండీది. మళ్లీ మళ్లీ ఎవరు మారుస్తారని 20 అంగుళాల తొట్టి తెస్తారు. వేళ్లు చేరని మట్టి తడిగానే ఉండి పులిసిపోతుంది. 14 అంగుళాలది చాలు.

డాలస్ కిటికీ:
మేం ఇక్కడ మార్చిలో మారుస్తాం, చలికాలంలో వెలుతురు చాలక మొక్క ముడుచుకుని కూర్చుంటుంది కాబట్టి. జులై ఎండల్లో మేమూ ముట్టుకోం. నేను నెల చూడను, కొత్త ఆకు చుట్ట విప్పుకుంటోందా అని చూస్తాను. పెరిగే ఊపులో ఉన్న మొక్క తెగిన వేరును త్వరగా పూడ్చుకుంటుంది.

మూడో అంతస్తు:
నర్సరీ అతను అడుగున రెండంగుళాల గులకరాళ్లు వేయమన్నాడు. వేయనా?

పెరటి మనిషి:
వద్దు. మట్టి అడుగు పూర్తిగా నానితే గానీ నీళ్లు రాళ్లలోకి దిగవు. అంటే బురదగా ఉండే చోటు వేళ్లకి ఇంకా దగ్గరవుతుంది. మట్టి జారకుండా రంధ్రం మీద ఒక పెంకు వేయండి, చాలు. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపి, గుల్లగా ఉండటానికి పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) గానీ బొగ్గు ముక్కలు గానీ దండిగా వేయండి. ముందురోజు నీళ్లు పోసి, ఆకుల్ని పాత చీరతో వదులుగా కట్టి, ఇద్దరు పట్టుకుని కుండీని పక్కకి పడుకోబెట్టండి. ఒక్కరే మొక్క మెడ పట్టి లాగొద్దు, కాండం విరుగుతుంది. కాండం మీది గాలి వేళ్లు కోయకుండా వీలైనన్ని మట్టిలోకి వంచండి. తీగ ఎక్కడానికి కొబ్బరి పీచు చుట్టిన కర్ర ఇప్పుడే పాతండి, తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. చేతులకి గ్లౌజులు తప్పనిసరి. కంద, చేమ కుటుంబమే ఇది, అదే దురద. ఇంట్లో పిల్లి ఉంటే కోసిన ముక్కలు వదిలేయకండి. నెల దాకా ఎరువు వద్దు.

ఉక్కపోత:
అన్నీ ఒప్పుకుంటాను, నెల తప్ప. జూన్ దాకా ఆ వేళ్లు నీళ్లు లేక ఎండాలా?

డాలస్ కిటికీ:
అంతవరకు పైమట్టి రెండంగుళాలు తీసి కొత్తది వేసి, కుండీని అరగంట నీళ్ల టబ్బులో నిలబెడితే సరి.

మూడో అంతస్తు:
జూన్ మూడో వారం అప్‌డేట్. అప్పటిదాకా టబ్బు స్నానాలతో నెట్టుకొచ్చాం. నిన్న ముసురులో మార్చాం. వేళ్లు ప్లాస్టిక్‌కి ఎంతగా అతుక్కున్నాయంటే రంపం బ్లేడుతో కుండీనే కోయాల్సొచ్చింది. అమ్మ పట్టుకుంది, నేను కోశాను. ఒక్క ఆకు పండుతోంది.

ఉక్కపోత:
ఆ ఒక్క ఆకు మేలో మార్చినా పండేది. అప్పుడైతే ఈపాటికి కొత్తాకు కూడా వచ్చేది.

పెరటి మనిషి:
కుండీ కోసి మంచి పని చేశారు. ఉక్కపోత గారూ, వచ్చే మేలో హైదరాబాద్ రండి, మీ చేత్తోనే మార్పిద్దాం.