డూ-వాప్ పాటలు ఐదుగురితో పాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (చెన్నై)

పెరంబూరు పంచమం:

అందరికీ నమస్కారం. మేం ఐదుగురం, పెరంబూరులో తెలుగు క్వయర్ (బృందగానం) వాళ్లం. డిసెంబరులో మా అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌కి వాయిద్యాల్లేకుండా రెండు మూడు డూ-వాప్ పాటలు (1950ల నాటి అమెరికా గాత్ర గ్రూపుల పాటలు) పాడాలనుకుంటున్నాం. నలుగురు మగవాళ్లు, ఒక అమ్మాయి. ఇద్దరివి టెనర్ (మగవాళ్లలో పై) గొంతులు, ఒకరిది బారిటోన్ (మధ్య గొంతు). బేస్ (అన్నిటికన్నా కింది గొంతు) పాడేతను కీబోర్డు మీద ఏ2 (రెండో స్థాయి ఏ) దాకా దిగుతాడు, ఆ కింద గాలి తప్ప స్వరం రాదు. ఇద్దరికి కర్ణాటక సంగీతం వచ్చు.

నెట్‌లో వెతికితే "గొప్ప డూ-వాప్ పాటలు" అని వంద పేర్లు వస్తున్నాయి. వాటిలో మాకు పనికొచ్చేవి ఏవి? పార్టులు ఎలా పంచుకోవాలి? రెండో చరణానికి వచ్చేసరికి అందరం కలిసే శ్రుతి దిగిపోతున్నాం, ఎందుకు? మైకులు రెండే ఉంటాయి.

45 ఆర్‌పీఎం:

నలుగురు మగవాళ్లు, ఒక అమ్మాయి అనగానే ప్లాటర్స్ అనే గ్రూపు గుర్తొస్తుంది. టోనీ విలియమ్స్ లీడ్ (ముఖ్య గొంతు), జోలా టేలర్ ఒక్కతే ఆడగొంతు. "ఓన్లీ యూ" మొదట ఫెడరల్ అనే రికార్డు కంపెనీకి పాడితే అక్కడ మెప్పించలేదు. అదే పాట 1955లో మెర్క్యురీకి మళ్లీ పాడితే అమెరికా పాప్ పట్టికలో 5వ స్థానానికి ఎక్కింది. అయినా మీకు ప్లాటర్స్‌ని చెప్పను. వాళ్ల పాటల్లో బరువంతా లీడ్ మీదే. అలాంటి గొంతు ముందు లేకపోతే వెనకవాళ్లు ఎంత కుదురుగా పాడినా పాట తేలిపోతుంది.

మొదటి పాటగా స్పానియల్స్ 1954లో పాడిన "గుడ్‌నైట్ స్వీట్‌హార్ట్ గుడ్‌నైట్" పట్టుకోండి. జెరాల్డ్ గ్రెగరీ బేస్ ఒంటరిగా మొదలవుతుంది, మిగతావాళ్లు దాని మీద వచ్చి కూర్చుంటారు. బేస్ పాట మొత్తాన్ని ఎలా మోస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన పాఠం లేదు. కార్యక్రమం ముగించడానికీ అదే సరిపోతుంది.

రెండోది పెంగ్విన్స్ వారి "ఎర్త్ ఏంజెల్", అదీ 1954దే. లాస్ ఏంజెలెస్‌లో ఒక గ్యారేజీలో రికార్డు చేశారు. ఆ ముతకదనం మీకు కలిసొస్తుంది, నునుపుగా పాడితేనే చెడిపోతుంది. క్రూ-కట్స్ అనే కెనడా తెల్ల గ్రూపు అదే పాటను నీటుగా పాడి పెంగ్విన్స్ కంటే పై స్థానానికి వెళ్లింది. కార్డ్స్ అనే బ్రాంక్స్ గ్రూపు పాట "ష్-బూమ్"కీ ఇదే గతి: 1954లో మొదటి స్థానం క్రూ-కట్స్‌ది. రెండేసి రూపాలూ పక్కపక్కన పెట్టి వినండి. ఏది అనుకరించకూడదో పది నిమిషాల్లో తెలుస్తుంది.

మూడోది ఫైవ్ శాటిన్స్ 1956లో పాడిన "ఇన్ ద స్టిల్ ఆఫ్ ద నైట్". న్యూ హేవెన్‌లో ఒక చర్చి నేలమాళిగలో రికార్డయింది. అప్పట్లో పాప్ పట్టికలో 24 దాటలేదు, ఇవాళ డూ-వాప్ అంటే ముందు ఇదే అంటారు. వెతికేటప్పుడు జాగ్రత్త, పాటల రచయిత కోల్ పోర్టర్‌కి 1937లో ఇదే పేరుతో వేరే పాట ఉంది.

ఇప్పుడే జోలికి పోకూడనివి మూడు. ఫ్రాంకీ లైమన్, టీనేజర్స్ 1956లో పాడిన "వై డు ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్": అతనికి అప్పుడు 13 ఏళ్లు, ఆ మీసాలు రాని గొంతే పాటకి ప్రాణం. మార్సెల్స్ 1961లో పాడిన "బ్లూ మూన్": బేస్‌కి ఊపిరి తీసుకునే సందు ఉండదు, మీవాడు రెండో చరణానికే కూలబడతాడు. ఫ్లమింగోస్ 1959 నాటి "ఐ ఓన్లీ హావ్ ఐస్ ఫర్ యూ": నన్నడిగితే మొత్తం డూ-వాప్‌లో గొప్ప రికార్డు ఇదే. కానీ అందులో సగం అందం ఆ లోతైన ప్రతిధ్వనిది. అపార్ట్‌మెంట్ పందిట్లో అది రాదు.

ఇంకొకటి. ఈ గ్రూపులు చాలావరకు తమ పాటల్నే తర్వాతి దశాబ్దాల్లో మళ్లీ రికార్డు చేశాయి. యాప్‌లో "ఒరిజినల్" అని కనిపించేవాటిలో ఇవీ ఉంటాయి. 1956కి ముందు పాట కుడి ఎడమ వేరువేరుగా స్పష్టమైన స్టీరియోలో వినపడితే దాదాపుగా అది అసలుది కాదు.

మంద్రస్థాయి:

పైన ఆయన చెప్పిన వరస బాగుంది, ఒక్క ఫ్లమింగోస్ మాట తప్ప. ప్రతిధ్వని తీసేస్తే సగం పోయే పాటను గొప్ప గాత్ర గ్రూపు పాట అనడం నాకు మింగుడుపడదు. గాత్రమే కావాలంటే మూన్‌గ్లోస్ 1954లో పాడిన "సిన్సియర్లీ" వినండి. వెనకవాళ్లు "ఊ" అనరు, "హూ" అని గాలి ఊదుతూ స్వరంలోకి వస్తారు. దీన్నే బ్లో హార్మొనీ అంటారు.

పార్టుల సంగతి. మాటలు పక్కన పెట్టండి, ముందు బేస్, ఆ తర్వాత వెనక ముగ్గురు, లీడ్ చివర. ఈ పాటల్లో ఎక్కువ వాటికి నాలుగు కార్డులే (కార్డ్ అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపు): సి, ఏ మైనర్, ఎఫ్, జి. స్వరాల్లో రాస్తున్నాను, చుక్క పెట్టినవి పై స్థాయి. బేస్ ధ, మ, ప మూడూ కింది స్థాయివి.

బేస్ స, బారిటోన్ ప, రెండో టెనర్ స•, పై గొంతు గ•
బేస్ ధ, బారిటోన్ ధ, రెండో టెనర్ స•, పై గొంతు గ•
బేస్ మ, బారిటోన్ ధ, రెండో టెనర్ స•, పై గొంతు మ•
బేస్ ప, బారిటోన్ ప, రెండో టెనర్ ని, పై గొంతు మ•

వెనక ముగ్గురిలో ఎవరూ ఒక్క మెట్టు మించి కదలడం లేదు చూడండి. రెండో కార్డుకి బారిటోన్ ఒక్కరే ప నుంచి ధకి వెళ్తారు. మూడోదానికి పై గొంతు ఒక్కటే. నాలుగోదాన్నుంచి మళ్లీ మొదటికి వచ్చేటప్పుడు ని ఎక్కి స అవుతుంది, మ దిగి గ అవుతుంది, ప అక్కడే ఉంటుంది. తలా ఒక పెద్ద గెంతు వేస్తే కార్డు మారిన ప్రతిసారీ గొంతులు చెదురుతాయి.

శ్రుతి ఎంపిక బేస్‌ని బట్టి, లీడ్‌ని బట్టి కాదు. మీవాడి అడుగు ఏ2. అతను దిగాల్సిన అన్నిటికన్నా కింది స్వరం మంద్ర మధ్యమం. అది ఏ2 కావాలంటే షడ్జమం ఈ, మన లెక్కలో మూడో శ్రుతి. అప్పుడు పై గొంతు జి షార్ప్, ఏ4 మధ్య ఉంటుంది, అది అమ్మాయికి ఇవ్వండి. ఒక టెనర్ లీడ్, ఇంకొకరు రెండో టెనర్. బేస్ ఏ2 దగ్గర కూడా నీరసపడితే నాలుగో శ్రుతికి, అంటే ఎఫ్‌కి వెళ్లండి.

తాళం: నాలుగు దెబ్బలు, ప్రతి దెబ్బలో తకిట. అచ్చంగా తిస్ర నడ. నిమిషానికి 66 దెబ్బల దగ్గర మొదలుపెట్టండి, ఒక్కో కార్డుకి నాలుగు దెబ్బలు. బేస్ దెబ్బ మీద "డుమ్" అని, తర్వాతి దెబ్బకి ముందున్న "ట" దగ్గర ఇంకోటి చిన్నగా వేస్తే పాటకి నడక వస్తుంది. చిటికె రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద. మనవాళ్ల చెయ్యి అలవాటుగా ఒకటి మీద పడుతుంది. అలా పడిందంటే పాట భజనలా అయిపోతుంది, వేగమూ పెరుగుతుంది.

శ్రుతి దిగడానికి కర్ణాటక సంగీతం వచ్చిన ఇద్దరినీ ముందు అనుమానించండి (తప్పుగా అనుకోకండి). స్వరాలు ధీర శంకరాభరణానివే, రాగం మాత్రం పాడకూడదు. వెనక గొంతు గాంధారాన్ని కాస్త కంపించినా, నిషాదాన్ని కింద పట్టినా కార్డు మురిగిపోతుంది. దీక్షితార్ నోటుస్వరాలు (పాశ్చాత్య బాణీల మీది పాటలు) పాడేటట్టు సాదాగా నిలపాలి. జారు, గమకం లీడ్‌కి వదిలెయ్యండి.

రెండో కారణం కీబోర్డు. తంబూరా మీటితే దానంతటదే వినపడే అంతర గాంధారం కీబోర్డు గాంధారం కన్నా దాదాపు 14 సెంట్లు తక్కువ (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు). పై గొంతు తంబూరా గాంధారమే పట్టాలి. తర్వాతి కార్డులో ఆ గ కదలదు, బేస్ వచ్చి దాని కింద ధ పెడతాడు. కీబోర్డు మీద నేర్చుకున్న ధ అయితే పిసరు ఎక్కువ ఉంటుంది, అలలు అలలుగా కొట్టుకుంటుంది. దాన్ని సర్దబోయి ఒక్కొక్కరూ కొంచెం కొంచెం దిగుతారు. అందుకే సాధన తంబూరా యాప్‌తో చెయ్యండి, కీబోర్డు మొదటి స్వరం ఇచ్చాక మూసెయ్యండి. చరణం అయిన ప్రతిసారీ ఆగి స-ప వేసి చూసుకుంటే ఎవరి దగ్గర జారుతోందో దొరుకుతుంది.

పెరంబూరు పంచమం:

చాలా థ్యాంక్సండీ. మూడో శ్రుతికి మార్చగానే బేస్ నిలబడింది. కానీ "డూ-వా" అంటుంటే వెనక ముగ్గురూ అరిచినట్టుంది, కలవడం లేదు. మెట్ల దగ్గర పాడితే బాగుంటోంది, గదిలోకి వస్తే పోతోంది.

మంద్రస్థాయి:

మెట్లు అబద్ధం చెప్తాయి. సున్నం గోడల మధ్య ప్రతిధ్వని తప్పుల్ని పూడ్చేస్తుంది. అమెరికాలో వీధి మూలల్లో, మెట్ల కింద పాడిన కుర్రాళ్లకి ఆ ధ్వని నచ్చిందంటే అందుకే. మీరు కర్టెన్లున్న గదిలో సాధన చేసి, ఆఖర్న ఒక్కసారి మెట్ల దగ్గర పాడుకోండి, సరదాకి.

"డూ-వా" మన అక్షరాలతో పలికితే అరుపే. మన "డ" నాలుక మడిచి కొట్టేది, దానికి చప్పుడెక్కువ. నాలుక కొన పళ్ల వెనక చిగురుకి తాకించి వదలండి చాలు. "వా" అనేటప్పుడు పైపళ్లు కింది పెదవిని తాకకూడదు. ఊ దగ్గర పెదవులు గుండ్రంగా ఉంచి మెల్లగా ఆలోకి తెరవాలి: ఊ-ఆ. ముగ్గురూ ఒకే "తకిట"లో ఒకే అక్షరం దగ్గర తెరవాలి, "కి" దగ్గరా "ట" దగ్గరా అని ముందే తేల్చుకోండి. ముగ్గురి నోళ్లు మూడు సైజుల్లో ఉంటే ఎంత శ్రుతిలో ఉన్నా కలవదు. ఫోన్‌లో వీడియో తీసి చప్పుడు ఆపేసి చూస్తే తెలిసిపోతుంది.

ఇంకా, ముగ్గురూ ఒకేసారి ఊపిరి తీసుకోవద్దు. కార్డు మారేచోట ఎవరూ తీసుకోవద్దు. మధ్యలో, వంతులవారీగా.

ఫేడర్:

మైకుల గురించి ఎవరూ చెప్పలేదు. రెండే ఉంటే లీడ్‌కి ఒకటి, మిగతావాళ్లకి ఒకటి ఇవ్వడం పాత పద్ధతి. మీ బేస్ బలహీనం కాబట్టి ఒకటి బేస్‌కే ఇవ్వండి. మామూలు చేతి మైకుని నోటికి రెండు అంగుళాల దూరంలో పెడితే దగ్గరితనం వల్ల కింది స్వరాలు లావెక్కుతాయి. నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి వంచాలి, లేకపోతే "డుమ్" అన్నప్పుడల్లా గాలి దెబ్బ వినపడుతుంది. బ్లో హార్మొనీ చేసేవాళ్లకి మరీను. మిక్సర్‌లో ఆ మైకుకి లో-కట్ (కింది ధ్వనుల్ని కోసేసే) మీట ఆపి ఉంచమనండి. ఏ2 అంటే 110 హెర్ట్జ్, లో-కట్ సాధారణంగా 80కో 100కో ఉంటుంది, మీవాడి స్వరాన్ని అంచున కోసేస్తుంది.

రెండో మైకు స్టాండు మీద. లీడ్ జానెడు దూరంలో, మిగతా ముగ్గురు రెండు జానల దూరంలో విల్లులా నిలబడాలి. స్పీకర్లు మైకు వీపు వైపు ఉండాలి. ముగ్గురూ వినపడడం లేదని గెయిన్ (మైకు బలం) పెంచుతూ పోతే కూత పెడుతుంది, పెంచే బదులు వాళ్లని అరడుగు ముందుకి జరపండి.

సౌండ్ సెట్ వాళ్లు అడక్కుండానే ఎకో వేస్తారు. మాట తిరిగి తిరిగి వచ్చే ఆ ఎకో తకిట మీద పడితే మూడు అక్షరాలూ ముద్దవుతాయి. పాట మొదలవక ముందే వెళ్లి "ఎకో వేణాం అన్నా, రివర్బ్ మట్టుం, కొంజం" (ఎకో వద్దన్నా, గది ప్రతిధ్వనిలాంటి రివర్బ్ మాత్రమే, కొంచెం) అని చెప్పండి. రెండో పాటకి మళ్లీ వేస్తారు, మళ్లీ వెళ్లి చెప్పండి.