సమస్య: కొండ నడుమఁ బోయెఁ గోట్ల యేండ్లు

నిర్వాహకుడు: నిన్న తిరుమల కొండ దిగే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఒక మలుపులో ఈ పాదం తట్టింది. ఎందుకు తట్టిందో ఇప్పుడే చెప్పను. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి.

మెట్లదారి:
మెట్టు మెట్టు మొక్కి మీఁది కేగుచు నుండ
గాలి గోపురంబు గానరాఁగ
పాద ధూళి తోడఁ బాపాలు రాలి యా
కొండ నడుమఁ బోయెఁ గోట్ల యేండ్లు

అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచినవాళ్ళకి ఈ పద్యం వివరించక్కర్లేదు.

కోనేటిగట్టు: మూడో పాదం బాగుంది. కానీ పోయిన ఏళ్ళు ఎవరివి? పాపాలకీ ఏళ్ళకీ ముడి వేసే మాట లేదు. ‘జన్మ’ అన్న మాట ఎక్కడైనా పడాల్సింది. సమస్య పాదం విడిగా వేలాడుతోంది.

మెట్లదారి: పాపమంటేనే జన్మజన్మలది కదన్నా. పోయిన నెల మీ పద్యంలో శిలాతోరణాన్ని శిల్పి చేత చెక్కించారు. అది గాలీ నీరూ తొలిచిన వంపు. అప్పుడు నేను ఊరుకున్నాను.

కోనేటిగట్టు: అది ఉత్ప్రేక్ష. మీ ఏడుకొండల పద్యంలో శేషాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి ఉన్నాయి. నీలాద్రి ఏదీ? యతి కుదరకపోతే కొండనే తీసేస్తారా? సరే, నా పూరణ:

కపిలతీర్థ జలము జారెడు రాతిపై
చుక్క చుక్క చెక్కు సొబగుఁ జూడు
నీటి యులికి లొంగి నిలిచిన శిల చెప్పు
కొండ నడుమఁ బోయెఁ గోట్ల యేండ్లు

మెట్లదారి: పాదం మొదటి అక్షరం ‘క’కి మధ్యలో ‘జా’తో యతి ఎప్పటి నుంచి చెల్లుతోంది? పైగా కపిలతీర్థం కొండ పాదాన ఉంది. వానలు పడ్డ వారం వెళ్తే జలపాతం తుంపర కోనేటి మెట్ల దాకా వచ్చి ముఖాన పడుతుంది. ‘నడుమ’ ఎలా అయింది?

నిర్వాహకుడు: ‘గారెడు’ అంటే యతి సరిపోతుంది, అర్థమూ చెడదు. ‘నీటి యులి’ మాత్రం నాకు చాలా నచ్చింది. స్థలం మాట మెట్లదారి గారిదే ఒప్పు.

రాతిపలక:
బస్సు మలుపు తిరుగ బండరాళ్ళను జూడు
గీఁత కింద ముసలి, గీఁత మీఁద
పసిది, సందులోనఁ బలికెడి రాయేది
కొండ నడుమఁ బోయెఁ గోట్ల యేండ్లు

నిర్వాహకుడు: అమ్మా, నేను కిటికీలోంచి చూసింది ఆ గీతనే!

కోనేటిగట్టు: ‘ముసలి’, ‘పసిది’ బాగా అమిరాయి. గీత సంగతి కాస్త చెప్పండి మేడమ్.

రాతిపలక: ఘాట్ రోడ్డు కోసం కొండను తొలిచిన చోట కనిపిస్తుంది సార్. కింద గ్రానైటు జాతి పాత శిల. పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పుడు నీటి అడుగున చేరిన ఇసుక. మన నగరి పేరుతోనే దాన్ని నగరి క్వార్ట్‌జైట్ అంటారు. ఆ పసిదాని వయసే 150 కోట్ల ఏళ్ళ పైమాట. రెండింటి మధ్య ఎడం 50 కోట్ల ఏళ్ళ పైనే. అంతకాలం ఇక్కడ రాయి అరిగిందే తప్ప కొత్త పొర ఏదీ మిగల్లేదు. గీత మీద చెయ్యి పెడితే బొటనవేలు ఒక యుగంలో, చిటికెన వేలు ఇంకో యుగంలో ఉంటాయి. జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మెట్లదారి: నా పూరణలో ‘పోయె’ అంటే గడిచిపోవడం. మీ పద్యంలో కనబడకుండా పోవడం. మాట ఒకటే, మీరు దాన్ని తిప్పిన తీరుకు దండం పెట్టాలి. ‘పలికెడి రాయేది’ దగ్గర ఆగిపోయాను. సాక్షి లేని కాలం అది.

కోనేటిగట్టు: ఈ ఒక్క విషయంలో మెట్లదారితో ఏకీభవిస్తున్నాను. నా మొదటి పాదంలో ‘గారెడు’ అని దిద్దండి. ‘నడుమ’ కుదిరేలా రెండోది రాస్తాను.

మెట్లదారి: రాయండన్నా. నేను రేపటికి నీలాద్రిని చేర్చి ఆ ఏడుకొండల పద్యం మళ్ళీ పెడతాను. యతి చూసి చెప్పండి.