మన హాకీని టర్ఫే చంపేసిందా?

బొబ్బిలి కుర్రాడు:
1928 నుంచి 1956 దాకా వరసగా ఆరు ఒలింపిక్ స్వర్ణాలు. 1975లో పాకిస్తాన్‌ను 2-1తో కొట్టి ప్రపంచకప్. మరుసటి ఏడాదే మాంట్రియల్‌లో ఏడో స్థానం! ఒలింపిక్ హాకీ గడ్డి వదిలి టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) ఎక్కింది అక్కడే. ఇంకేం రుజువు కావాలి?

ఆమదాలవలస జంక్షన్:
మరి పాకిస్తాన్ సంగతేటి బావూ? వాళ్లదీ మన ఆటే, మన డ్రిబ్లింగే. 1984 లాస్ ఏంజెలెస్ స్వర్ణం, 1994 ప్రపంచకప్ టర్ఫ్ మీదే గెలిచారు. 1982 ఆసియా క్రీడల ఫైనల్లో ఢిల్లీలోనే మనకి 7-1 పడింది. అసలు జారడం ముందే మొదలైంది. 1968, 1972 ఒలింపిక్స్‌లో కాంస్యాలే. 1973 ప్రపంచకప్ ఫైనల్లో రెండు గోల్స్ ఆధిక్యం పోగొట్టుకుని నెదర్లాండ్స్ చేతిలో ఓడాం.

బొబ్బిలి కుర్రాడు:
1980 మాస్కో స్వర్ణం మర్చిపోయారా?

ఆమదాలవలస జంక్షన్:
అది టర్ఫ్ మీద గెలిచిందే, నీ వాదనకే ఎదురు! పైగా బహిష్కరణ వల్ల పాకిస్తాన్, ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, పశ్చిమ జర్మనీ రాలేదు. ఆడినవి ఆరు జట్లు. 1932లో అయితే మూడే. అమెరికా మన చేతిలో 24-1తో, జపాన్ చేతిలో 9-2తో ఓడి కూడా కాంస్యం పట్టుకెళ్లింది.

పీఈటీ మాస్టారు, విజయనగరం:
ఇద్దరూ పతకాలే లెక్కపెడుతున్నారు. మా గ్రౌండ్ ఎర్రమట్టి. బంతి గులకరాయికి తగిలితే మోకాలి ఎత్తు లేస్తుంది. అందుకే మా పిల్లలు ముందు బంతిని ఆపుతారు, ఆ తర్వాతే తలెత్తి చూస్తారు. తడిపిన టర్ఫ్ మీద ఆలోపే ఎదుటివాడు మీద పడిపోతాడు. బంతి రాకముందే ఎవరికివ్వాలో చూసుకోవాలి. మట్టిలో పదేళ్లు ఆడిన అలవాటు ఒక క్యాంపులో పోదు. కాబట్టి టర్ఫ్ దెబ్బ నిజమే. కానీ ఆ సాకు ఓ పదేళ్లకు సరిపోతుంది. 2008 బీజింగ్‌కు అర్హతే సాధించకపోవడానికి సరిపోదు.

బొబ్బిలి కుర్రాడు:
మరి డబ్బు లేని జిల్లాలు ఏం చేయాలి సార్? మల్లీశ్వరి గారు ఆమదాలవలస నుంచి సిడ్నీ కాంస్యం దాకా వెళ్లారంటే, బరువులెత్తడానికి ఓ షెడ్డు ఉంటే మొదలుపెట్టొచ్చు. టర్ఫ్‌కి కోట్లు కావాలి, తడపడానికి నీళ్లు కావాలి.

పీఈటీ మాస్టారు, విజయనగరం:
ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. 2018 నుంచి జాతీయ జట్లకు స్పాన్సర్ ఆ ప్రభుత్వమే, 2018, 2023 ప్రపంచకప్‌లు అక్కడే జరిగాయి. టోక్యో, పారిస్ కాంస్యాలు ఆ తర్వాత వచ్చినవే. వాళ్లదేమీ మనకన్నా ధనిక రాష్ట్రం కాదు. మన దగ్గర ఎవరు అడిగారో చెప్పు ముందు.