టెంపరేచర్ ముల్లు పైకి లేవట్లేదు, ఎవరికైనా ఇలా అయిందా?

నల్గొండ_బండి: అందరూ కారు వేడెక్కుతోందని గోల పెడుతుంటే నాది రివర్స్ గోల. 2012 మోడల్ పెట్రోల్ బండి, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని నాలుగు నెలలైంది. విజయవాడ హైవే ఎక్కి ఎనభైలో పోతుంటే ముల్లు అడుగు గీత దగ్గరే పడుకుంటుంది, పంతంగి టోల్‌గేట్ లైన్లో ఐదు నిమిషాలు ఆగితే మెల్లగా సగం దాకా లేస్తుంది, గేటు దాటి స్పీడందుకోగానే మళ్లీ కిందికి. మైలేజీ 13 దాటట్లేదు. షెడ్డులో అడిగితే "చల్లగుంటే మంచిదే కదన్నా" అన్నాడు.

ఓరుగల్లు_డ్రైవర్: ఏం మంచిది! ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ కొడుతూనే ఉంటుంది. కాలకుండా మిగిలిన పెట్రోల్ కొంత ఆయిల్లో కలుస్తుంది. నీది థర్మోస్టాట్ (ఇంజన్ కాగేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) తెరుచుకుని ఇరుక్కుపోయిన లక్షణమే, లేదా అసలు లోపల లేనే లేదు. బండి ఒక్కసారి హీటెక్కితే చాలు, మనవైపు ముందు దాన్ని పీకి పారేస్తారు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ మీద చెయ్యి పెట్టు (ఫ్యాన్‌కి దూరంగా). చాలా బళ్లలో ఇంజన్ 80 డిగ్రీలు దాటేదాకా ఆ పైపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా అవుతుంటే దొంగ దొరికినట్టే.

గాజువాక_గ్యారేజ్: ముల్లుని గుడ్డిగా నమ్మొద్దు, నాకు సెన్సార్ పోయి అలాగే చూపించింది. ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ రీడింగులు ఫోన్‌కి పంపే ప్లగ్గు) పెట్టి ఫోన్లో డిగ్రీలు చూడండి. ఫ్యాన్ కూడా చూడండి, కొందరు రిలే (ఫ్యాన్‌ని ఆన్-ఆఫ్ చేసే స్విచ్) పోతే డైరెక్ట్ వైరింగ్ చేసి వదిలేస్తారు, తాళం తిప్పగానే తిరుగుతూనే ఉంటుంది.

మిచిగన్_మామ: ఇక్కడ మైనస్ 15లో నాకిదే అయింది, హీటర్లోంచి చల్లగాలి, పీ0128 కోడ్ (కూలెంట్ తగినంత వేడెక్కట్లేదనే ఎర్రర్). థర్మోస్టాట్ మార్చాక పోయింది.

లారీ_అన్న: చలికాలం మేము రేడియేటర్ ముందు అట్టముక్క కట్టేవాళ్లం.

ఓరుగల్లు_డ్రైవర్: అన్నా, అది లంబసింగిలో తెల్లారుజాముకి సరే, మధ్యాహ్నం ఘాట్ ఎక్కుతూ అట్ట తీయడం మర్చిపోతే హెడ్ గాస్కెట్‌కి (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) మూడినట్టే. రోగం ఒకటైతే మందు ఇంకోటి.

నల్గొండ_బండి: ఆదివారం వేరే మెకానిక్‌తో థర్మోస్టాట్ హౌసింగ్ విప్పించాను. లోపల ఖాళీ! పాత గాస్కెట్ రింగు తప్ప ఏం లేదు. ఆయిల్ మూత లోపల మజ్జిగ మీద తరకలా తెల్లటి జిగురు కూడా పట్టి ఉంది.

గాజువాక_గ్యారేజ్: అది తేమ. ఇంజన్ సరిగ్గా కాగకపోతే ఆవిరై పోదు. కానీ కూలెంట్ తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి. కొత్త థర్మోస్టాట్ బిగించే ముందు గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేసి తెరుచుకుంటుందో లేదో చూడండి, నేను ఇంట్లో చేస్తే మా ఆవిడ ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

నల్గొండ_బండి: గిన్నె పరీక్ష పాసైంది 😄 82 డిగ్రీలకి తెరుచుకునేది వేయించాను, కూలెంట్ కొత్తది పోసి పైపుల్లో గాలి తీయించాను, ఆయిల్ మార్పించాను. కూలెంట్ తగ్గట్లేదు. నిన్న చౌటుప్పల్ దాటి తొంభైలో పోతున్నా ముల్లు సగం దగ్గర కదల్లేదు. మైలేజీ రెండు ట్యాంకులు అయ్యాక చెప్తా.